దిగకపోతే తప్పేటి?

నిమ్‌పురా, ఖరగ్‌పూర్
4 నవంబరు 2024

అమ్మా జెనీ,

ఇక్కడ నేనూ మీ అత్త దేవమణీ దేవుని కృపలో ఉన్నాం. నా చెవులు మాత్రం ఆ కృపలో లేవు. ముప్పై ఏళ్ళు గూడ్సు ఇంజన్లో కూర్చున్న పాపానికి రిటైరయ్యాక కూడా లోపల డీజిలు మోతే. మొన్న నువ్వు ఫోన్ చేస్తే "ఏటీ? ఏటీ?" అని నేను అరిచిన అరుపులకి పక్కింటి కృపారావు గోడ మీంచి తొంగిచూసి, "దాదా, ఎవులైనా పోనారేటి?" అని అడిగాడు. అందుకని ఇకనుంచి మనకి ఉత్తరాలే. స్కూల్లో నేర్చుకున్న నీ తెలుగు చేతిరాత ఎలాగూ తుప్పు పడుతోంది, నీకూ మంచిదే.

ఆదివారం చర్చి అయ్యాక మీ అమ్మ పూరీ గేట్ వెళ్ళే టోటో ఆటోని కూడా ఆపుకుని నన్ను పట్టుకుంది. "అన్నియ్యా, నీ మేనకోడలు మైసూరులో బుద్ధిగా ఉజ్జోగం సేసుకోకుండా ఆదివారం ఆదివారం ఇమానం నేర్సుకుంతందట. నువ్వయినా సెప్పు" అని కళ్ళొత్తుకుంది. నేను పైకి "అయ్యయ్యో" అన్నాను. ఇంటికొచ్చి మీ అత్తకి చెబుతూ చెబుతూ ఎగిరి గంతేశాను. మోకాలు పట్టేసింది.

మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నేను డ్రైవరు. ఆఖర్లో రైల్వే వాళ్ళు మా పేరు మార్చి లోకో పైలట్ అన్నారు కాబట్టి ఇది ఒక పైలట్ ఇంకో పైలట్‌కి రాస్తున్న ఉత్తరం అనుకో. ఏం బండి అది? ఎన్ని చక్రాలు? బ్రేకు ఎక్కడుంటుంది? అన్నీ రాయి. నీకు లైసెన్సు వచ్చిన రోజున మొదటి పాసింజరు నేనే. మీ అమ్మని నేను చూసుకుంటాను.

నీ మావయ్య,
ఆమోసు


మైసూరు
14 నవంబరు 2024

మావయ్యా,

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ తెస్తే మా ఇంటి ఓనరమ్మ కోర్టు నోటీసు అనుకుని నేను చించి చదివేదాకా గుమ్మంలోనే నిలబడింది. మేనమామ రాశాడంటే నమ్మలేదు. ఈ రోజుల్లో ఎవరు రాస్తారు అంది.

ఊరి బయట చెరకు తోటల మధ్య మాకో చిన్న రన్‌వే ఉంది. క్లబ్బుకి రెండు విమానాలున్నాయి, రెండూ ఇద్దరు పట్టేవే. ఒకటి పాతది. దాని రెక్క మన తల పైన ఉంటుంది, చిన్న చక్రం తోక కింద. నేల మీద ఉన్నప్పుడు కుక్క కూర్చున్నట్టు ముక్కు ఎత్తుకుని ఉంటుంది. రెండోది కొత్తది. రెక్క మన కింద, చిన్న చక్రం ముక్కు కింద. ఈ రెండూ కలిపి తూచినా నీ ఇంజను చక్రాల జత ఒక్కటి అంత తూగవు.

మేం నలుగురం స్నేహితులం కలిసి సొంతంగా ఒకటి కొనుక్కోవాలని అనుకుంటున్నాం. అక్కడే వచ్చింది తంటా. తోక చక్రం బండి మీద దిగడం వచ్చినవాళ్ళే పైలట్లని ఇద్దరు. అది దిగాక కూడా పక్కకి తిరిగిపోతుంది, ముక్కు చక్రమే మేలని ఒకరు. ప్రతి ఆదివారం ఇడ్లీ చల్లారిపోయేదాకా ఇదే గొడవ. నాకు కొత్తది ఇష్టం, చూడ్డానికి బాగుంటుంది. ఈ మాట పైకి అనకూడదట.

ఎగరడం పెద్ద విద్య కాదు మావయ్యా, దిగడమే. మా టీచరు పొన్నమ్మ మేడమ్ అరవై దాటిన కొడగు మనిషి, పొగిడినా తిట్టినట్టే ఉంటుంది. వేగం ఎక్కువైతే విమానం రన్‌వే మీద తేలిపోతూనే ఉంటుంది, దిగదు. తక్కువైతే దబ్బున పడుతుంది. పెద్ద చక్రాలు ముందు తగలాలి, చిన్నది ఆఖర్న. చూపు ముక్కు దగ్గర కాదు, రన్‌వే అవతలి చివర ఉండాలి.

పోయిన ఆదివారం అడ్డగాలి. మూడుసార్లు దిగబోయి, దిగకుండానే పైకి వెళ్ళిపోయాను! నాలుగోసారి దిగాను. కిందకి రాగానే మేడమ్ నన్ను పక్కకి పిలిచి తన ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. జనవరిలో లైసెన్సు పరీక్ష.

అత్తకి ముద్దులు.
జెనీ


నిమ్‌పురా
25 నవంబరు 2024

నా తల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అత్త చేత పైకి చదివించుకుని ఒకసారి విన్నాను.

ఆగాల్సిన చోట ఆగకుండా దాటిపోవడాన్ని మా దగ్గర రెడ్ దాటడం అంటారు. ఒక్కసారికే మనిషిని బండి దింపేస్తారు. నువ్వు ఒక్క ఆదివారమే మూడు దాటావు. పైగా దాన్ని ఆశ్చర్యార్థకం పెట్టి రాశావు. చిన్నపిల్లవి, దాని బరువు నీకింకా తెలియలేదు. ఆవిడ పక్కకి పిలిచి కాఫీ ఇచ్చిందన్నావు చూడు, అక్కడే నా గుండె జారింది. మా దగ్గర కూడా ఎంక్వయిరీ మొదలెట్టే ముందు ఆఫీసరు టీ తెప్పిస్తాడు.

సరే, జరిగింది జరిగిపోయింది. అడిగితే ఒప్పుకో, దాచకు. ఇకమీదట మాత్రం ఒకసారికే దిగు. బొగ్గు నింపిన యాభై పైచిలుకు పెట్టెల్ని నేను స్టేషను కనబడకముందే అదుపులోకి తెచ్చుకునేవాడిని. నువ్వూ ఒక మైలు ముందునుంచే వేగం చంపుకుంటూ రా. దిగాలని వచ్చినవాడు దిగి తీరాలి. నలుగురూ చూస్తుంటే దాటిపోవడం మన ఇంటా వంటా లేదు.

కొనేది మాత్రం రెక్క పైనున్నదే కొనండి. కింద ఏముందో కనబడని బండి ఎందుకు?

మీ అమ్మకి చెప్పలేదు. ఇక్కడ మీ అత్తకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. కృపారావుకి తెలుసు, అతను ఎవరికీ చెప్పడు. మీ అత్త ఒక పార్సిల్ కడుతోంది. ఎందుకని అడక్కు, తిను.

నీ మావయ్య,
ఆమోసు


మైసూరు
8 డిసెంబరు 2024

ముద్దుల మావయ్యా,

పార్సిలా అది! సరుకు రవాణా! రెండు డబ్బాల ఎండురొయ్యలు, ఆవకాయ, చెక్కలు, గవ్వలు, ఎవరివో కొబ్బరుండలు, ఇంకెవరివో గుడ్డలో చుట్టిన అరిసెలు. ఒక్కో డబ్బా మీద ఒక్కో ఇంటి పేరు. నేను విమానం నేర్చుకుంటున్నానని నిమ్‌పురా అంతా ఇంత పండగ చేసుకుంటుందని కలలో కూడా అనుకోలేదు. క్లబ్బుకి పట్టుకెళ్ళాను. తోక చక్రం వాళ్ళూ ముక్కు చక్రం వాళ్ళూ మొదటిసారి ఒక మాట మీద నిలబడ్డారు. ఎండురొయ్యల మీద. ఎస్తేరమ్మ మామ్మకి ప్రత్యేకంగా చెప్పు, డబ్బా మీద ఆవిడ పేరే ఉంది.

నీ రెడ్ సిగ్నలు హాస్యం అందరికీ ఇంగ్లీషులో చెప్పి వినిపించాను. పడీ పడీ నవ్వారు. నువ్వు ఇంత బాగా వెక్కిరిస్తావని తెలియదు. ఎంక్వయిరీ టీ సంగతి విని పొన్నమ్మ మేడమ్ కూడా నవ్వింది, మాకెవరికీ ఆవిడ పళ్ళు అంతకుముందు కనబడలేదు.

కానీ ఒక్క మాట నన్ను గట్టిగా పట్టుకుంది. దిగాలని వచ్చినవాడు దిగి తీరాలి అన్నావే, అది. నిజంగానే నేను కాస్త అనుమానం రాగానే పైకి లాగేస్తున్నానేమో. నువ్వు ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా దాటలేదు కదా. నేనూ ఒకసారికే దిగడం అలవాటు చేసుకుంటాను. చూస్తూ ఉండు.

జెనీ


నిమ్‌పురా
18 డిసెంబరు 2024

జెనీ,

నువ్వు నవ్వుతూ రాశావు, నేను నవ్వలేకపోయాను. నీ గుండె గట్టిదే తల్లీ. నిమ్‌పురాలో ఒక డ్రైవరు రెడ్ దాటి సస్పెండయితే ఇళ్ళన్నీ కేరియర్లు పంపిస్తాయి. ఎందుకని ఎవరూ అడగరు, ఏం జరిగిందని ఎవరూ అనరు, అన్నం మాత్రం ఆగదు. నువ్వు పూరీ గేట్‌లో పెరిగావు కాబట్టి ఇది చూసి ఉండవు. నీకొచ్చిన డబ్బాలు అవే. దాన్ని పండగ అనుకున్నావంటే మా మనసులు కష్టపెట్టకూడదనే అని మీ అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పోయిన శుక్రవారం ఉపవాస కూడికలో నీ గురించి ప్రార్థన పెట్టించాను. నీ పేరు చెప్పలేదు. "దూరదేశంలో ఉద్యోగం ప్రమాదంలో పడ్డ ఒక సహోదరి" అన్నాను. కృపారావు లేచి "ఆ పాపకి ఇమానం తిరిగి దక్కాల పెభువా" అనేశాడు. అక్కడున్న వాళ్ళలో సగం మంది డబ్బాలు పంపినవాళ్ళే కదా, తలలు ఊపుకున్నారు. వెనక వరసలో ఉన్న మీ అమ్మకి ఇమానం మాట అందలేదు, ఏమీ తెలియనిది ఒక్క తనకే. అందరికంటే గట్టిగా అదే ప్రార్థించింది. "ఏ తల్లి కన్న బిడ్డో" అని వెక్కివెక్కి ఏడిచింది. నేను పాటల పుస్తకంలో తల దూర్చేశాను.

ఒకసారికే దిగుతానని మాటిచ్చావు. అదే నాకు ఈ ఏటి క్రిస్మస్.

మావయ్య


మైసూరు
29 డిసెంబరు 2024

మావయ్యా,

నీ క్రిస్మస్ ఉత్తరం ఇంకొక్క వారం ముందు వచ్చి ఉంటే బాగుండేది. నువ్వు హాస్యమాడటం లేదని నాకు అప్పుడే తెలిసేది.

22వ తేదీ ఆదివారం నేను కొత్త విమానం ముక్కు చక్రం విరగ్గొట్టాను. ఎవరికీ ఏమీ కాలేదు, నా మోచెయ్యి కాస్త వాచింది. అడ్డగాలి బలంగా ఉంది. నువ్వు చెప్పినట్టు దూరం నుంచే వేగం చంపుకుంటూ వచ్చాను. ఇది నీ బొగ్గు బండి కాదు మావయ్యా, ఇంజను తగ్గిస్తే దీనికి ఊపు ఉండదు. కిందకి కుంగిపోయింది, కంగారుపడి ఇంజను పెంచేసరికి వేగం ఎక్కువైపోయింది. పక్కన మేడమ్ "పైకి వెళ్ళు, వెళ్ళు" అంటూనే ఉంది. నా చెవిలో మాత్రం నీ మాటే. దిగాలని వచ్చినవాడు దిగి తీరాలి. దింపేశాను. బంతిలా ఎగిరింది, రెండోసారి ముక్కు మీద పడింది.

ఆవిడ నన్ను తిట్టలేదు. ఎందుకు వెళ్ళలేదు అని మాత్రం అడిగింది. మా మావయ్య ఒకసారికే దిగమన్నాడు అన్నాను. ఆయన ఏం నడిపేవారు అని అడిగింది. గూడ్సు అన్నాను. ఆవిడ చాలాసేపు చెరకు తోటవైపు చూస్తూ నిలబడింది.

ఇప్పుడు చెబుతున్నాను, వినిపించుకో. దిగకపోతే తప్పేంటి మావయ్యా? నీ బండికి పట్టాలున్నాయి, ముందుకి పోవడం తప్ప వేరే దారి లేదు కాబట్టి దాటితే ప్రమాదం. నాకు పైన ఆకాశం అంతా ఉంది. కుదరలేదనిపిస్తే పైకి వెళ్ళిపోయి మళ్ళీ రావడం మాకు నియమం. ఆ రోజు మూడుసార్లు వెళ్ళినందుకే మేడమ్ తన కాఫీ ఇచ్చింది. ఆవిడ ఫ్లాస్కు కాఫీ క్లబ్బులో ఇంకెవరికీ దక్కలేదు. నన్నెవరూ సస్పెండ్ చెయ్యలేదు. నువ్వు చేశావు, నిమ్‌పురా మొత్తంతో కలిసి!

కృపారావు మావయ్య క్రిస్మస్ రోజు అమ్మని ఓదార్చబోయి అంతా చెప్పేశాడు. అమ్మ ఫోన్‌లో గంటసేపు ఏడిచింది. తన కూతురి కోసమే తెలియకుండా ప్రార్థించానని మరీ ఏడిచింది.

జనవరి పరీక్షకి వెళ్ళడం లేదు. విమానం కొనేవాళ్ళలోంచి నన్ను తీసెయ్యమని స్నేహితులకి చెప్పేశాను. నిజం చెప్పాలంటే భయమేస్తోంది. నేల దగ్గర పడుతుంటే చేతులు బిగుసుకుపోతున్నాయి. మానేస్తానేమో.

జెనీ


నిమ్‌పురా
8 జనవరి 2025

జెనీ బంగారూ,

నీ మోచెయ్యి ఎలా ఉంది? ముందు అది రాయి.

నీ ఉత్తరం చదివి మీ అత్త నన్ను చూసిన చూపు ఏ ఎంక్వయిరీలోనూ ఏ ఆఫీసరూ చూడలేదు. "మీకు ఇమానం గురించి ఏటి తెలుసు? ఏటీ తెలీనప్పుడు ఊరుకోడం కూడా తెలీదా?" అంది. రెండు రోజులు నాకు కూర లేదు, పచ్చడే. అదీ నీకు పంపగా మిగిలిందే.

సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా. పైలట్ అని బోర్డు తగిలించుకుని నీ పక్కన కూర్చుని నీ చెయ్యి పట్టి లాగినట్టే చేశాను. ఆ విమానం ఇంకాస్త గట్టిగా పడి ఉంటే అన్న మాట రాత్రింబవళ్ళు నన్ను తింటోంది. మీ అమ్మ కాళ్ళు పట్టుకోబోయాను, చీపురుతో అదిలించింది. తర్వాత టీ ఇచ్చిందనుకో.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ ఆపి నిలబడ్డాను. "నా మేనకోడలు ఏ రెడ్డూ దాటలేదు. దిగకపోడం దాని పని. తెలీక పాపని పాడు సేసినోణ్ణి నేను" అని చెప్పేశాను. అప్పుడు వెనక బెంచీలోంచి ఎస్తేరమ్మ లేచి, "అయితే నా ఎండ్రొయ్యలు ఊరికే పోనాయేటి?" అంది. పాదిరీగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. బయటికొచ్చాక కృపారావు నన్ను వదిలితేనా. "దాదా, ఇంకో రోడ్డు లేకపోతే రెడ్డు. పైన కాళీ ఉంటే రెడ్డు ఎలాగవుద్ది? నాకు ముందే అనిపించింది" అంటాడు. వీడికి ముందే అనిపించిందట!

ఇక అసలు సంగతి. నువ్వు మానెయ్యకు. ఆ చక్రం విరిగింది నీ వల్ల కాదు, నా నోటి వల్ల. నా తప్పుకి నీకు శిక్షేంటి? నీకు చేతులు బిగుసుకుపోతున్నాయంటే అక్కడ బిగుసుకుని కూర్చున్నది నేను. నన్ను దింపెయ్యి. మేడమ్ మాట విను, ఆవిడ మాటే విను. మొదటి పాసింజరు నేనే అని అడిగిన మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. నాకా అర్హత లేదు. నువ్వు ఎగిరితే చాలు.

తలవంచుకుని,
ఆమోసు


మైసూరు
12 మార్చి 2025

మావయ్యా,

మోచెయ్యి బాగుంది. రెండు నెలలు నీకు రాయనిది కోపంతో కాదు. ఏదో ఒకటి తేలాక రాద్దామని.

నీ ఉత్తరం తీసుకెళ్ళి మేడమ్‌కి చదివి చెప్పాను. ఆవిడ పాత విమానం తాళం నా చేతిలో పెట్టింది. "ఈ రోజు దిగొద్దు. రన్‌వే దాకా వచ్చి వెళ్ళిపోతూ ఉండు. పెట్రోలు తగ్గాక చూద్దాం" అంది. ఆ పొద్దున్న నేను దిగకుండా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. చెరకు కోసేవాళ్ళు కొడవళ్ళు పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నారు. వెళ్ళగా వెళ్ళగా చేతులు వాటంతటవే వదులయ్యాయి. చివరికి చూసుకుంటే తోక చక్రం కూడా నేలకి ఆనేసింది, ఎప్పుడు ఆనిందో తెలియలేదు.

పోయిన వారం పరీక్ష పాసయ్యాను! అందులోనూ ఒకసారి పైకి వెళ్ళిపోయాను. పరీక్షించే ఆయన దానికి కూడా మార్కులిచ్చాడు.

మళ్ళీ నలుగురం అయ్యాం. రెక్క పైనున్నదే కొంటున్నాం, తోక చక్రానిదే. నా ఓటు దానికే వేశాను. అది చిన్న తప్పు కూడా దాచిపెట్టదు, వెంటనే చెప్పేస్తుంది. నాకిప్పుడు అలాంటిదే కావాలి. అదీకాక మా ఇంట్లో ఒకాయనకి కింద ఏముందో కనబడాలట.

అర్హత గురించి నాకు తెలియదు. రైలు పాసు రాయించుకుని ఎప్పుడొస్తున్నావో చెప్పు.

జెనీ


మైసూరు
11 ఏప్రిల్ 2025

మావయ్యా,

ఖరగ్‌పూర్ క్షేమంగా చేరావని అమ్మ చెప్పింది. నువ్వు వెళ్ళినప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

నిన్ను ఎక్కించుకోకుండా ఉండాల్సింది. ఆ రోజు సాయంత్రం గాలి మారుతుందని నేను చూసుకోవాల్సింది. దిగబోయి, ఇంక నేల అందుతుందనగా పైకి వెళ్ళిపోయాను. నీకు ముందుగా చెప్పే వీలు లేదు, ఆ మోతలో చెప్పినా నీకు వినపడదు. తిరిగి చూసేసరికి నీ కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. మా నాన్న పోయినప్పుడు కూడా నువ్వు అలా ఏడవడం నేను చూడలేదు. వాంతొస్తుందేమోనని కవరు ఇచ్చాను, నువ్వు పట్టుకుని అలాగే కూర్చున్నావు. కిందకి వచ్చాక కూడా ఒక్క మాట మాట్లాడలేదు. నాకు దణ్ణం పెట్టి కారెక్కేశావు.

నా మొదటి పాసింజరుని అంత భయపెట్టాను. నువ్వు ఇంకెప్పుడూ ఎక్కనంటే నేనేమీ అనుకోను. క్షమించు మావయ్యా.

జెనీ


నిమ్‌పురా
21 ఏప్రిల్ 2025

పిచ్చి తల్లీ,

నిన్న ఈస్టరు. నీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. మీ అత్త కంచంలో అన్నం పెట్టి పిలుస్తోంది. ఆగమన్నాను.

ఏడ్చింది నిజం. భయంతో ఏడ్చానన్నది శుద్ధ అబద్ధం. భయం నేల వదిలినప్పుడు వేసింది. అప్పుడు కళ్ళు మూసుకుని నాకొచ్చిన కీర్తనలన్నీ గట్టిగా పాడేశాను, నాకే వినపడలేదు. చెరువులూ, చెరకు తోటలూ, ఎడ్లబండీ కనబడుతుంటే ఆ భయం కూడా పోయింది. రెక్క పైనున్నదే కొన్నందుకు బతికిపోయావు.

దిగేటప్పుడు నేను అన్నీ చూస్తూనే ఉన్నాను. కింద నీ స్నేహితులు వరసగా నిలబడి ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు. మీ మేడమ్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పక్కన నేను, ఖరగ్‌పూర్ నుంచి రెండు రోజులు రైల్లో వచ్చిన ముసలి మావయ్యని. గాలి తోసింది. ఇంత మంది చూస్తుంటే ఎవరైనా ఎలాగోలా దింపేద్దామనుకుంటారు. నేనైతే దింపేసేవాణ్ణి, నా సంగతి నాకు తెలుసు. నువ్వు వాళ్ళని చూడలేదు, నావైపు కూడా చూడలేదు. చేతిలోని ఇంజను పిడి ముందుకి తోశావు. పైకి లేచాం.

అప్పుడొచ్చింది ఏడుపు. నా మాట విని ఒకసారి విరగ్గొట్టుకున్న పిల్ల, నేను పక్కనే కూర్చున్నా నా పరువు కోసం దిగలేదు. నా ప్రాణం ఇంత బుద్ధిమంతురాలి చేతిలో ఉందనుకున్నాను. ఇక ఆగలేదు. నువ్వేమో వాంతి కవరు ఇచ్చావు! ఆ మోతలో నీకేం చెప్పగలను? కిందకి వచ్చాక నోరు తెరిస్తే మళ్ళీ ఏడుస్తానని దణ్ణం పెట్టేసి కారెక్కాను. నీ స్నేహితుల ముందు అంత పని చెయ్యడం బాగుండదు కదా.

దసరాకి పాసు రాయించుకుంటున్నాను. మీ అమ్మ కూడా వస్తానంటోంది, తను మాత్రం నేల మీదే ఉంటుందట. నన్ను మళ్ళీ ఎక్కించుకో. గాలి బాగాలేకపోతే దిగకు. ఎన్నిసార్లు దిగకపోతే అంతసేపు నీ పక్కన కూర్చుంటాను.

నీ పాసింజరు,
ఆమోసు మావయ్య